కళింగపట్నం తీరాన ఏ నెలకు ఏ పువ్వు

బొటానికల్ గార్డెనులు చూచివచ్చిన వారికి ఒక సంగతి తెలిసే ఉంటుంది. అక్కడ ప్రతి చెట్టు దగ్గర ఒక చిన్న రేకుబల్ల ఉంటుంది. దానిమీద చెట్టు పేరు, పుట్టిన దేశము రాసి ఉంటాయి. కొన్ని పెద్ద తోటల్లో మరొక ఏర్పాటు కూడా కలదు. లండను దగ్గరి క్యూ తోటవారు, స్కాట్లండులోని ఎడిన్‌బరో తోటవారు, ఈ ఋతువులో ఏ మొక్కలు పూస్తున్నాయో, తోటలో ఏ మూలకు వెళ్తే అవి కనబడతాయో వచ్చేవారికి ముందుగానే తెలియజేస్తారు. ఆ పట్టిక చూచుకొని, ఆ పూట ఆ పువ్వు కోసమే వచ్చే కుటుంబాలు ఉన్నాయి.

మా కళింగపట్నంలో అటువంటి తోట లేదు. శ్రీకాకుళం జిల్లా గార మండలంలో, వంశధార సముద్రంలో కలిసే చోట ఉన్న ఊరు మాది. లైట్‌హౌసు, పొడవైన ఇసుక తీరము, సరుగుడు తోటలు, వాటి వెనుక జీడిమామిడి, ఆ వెనుక వరిమళ్ళు. చూడవచ్చినవారు సముద్రము చూచి, ఫోటోలు తీసుకొని, సాయంత్రము బస్సుకు వెళ్ళిపోతారు. కాని ప్రియ పాఠకులారా, ఊరి మొదట ఒక నల్లబల్ల పెట్టి “ఈ నెల పూసినవి” అని రాయడం మొదలుపెడితే, సంవత్సరంలో ఒక్క నెల కూడా ఆ బల్ల ఖాళీగా ఉండదు. ఈ వ్యాసంలో మేము ఆ పట్టికనే రాయదలిచాము. ఇది సరదాకు రాస్తున్నది కాదు. పట్టికలో ఉండవలసిన కొన్ని పేర్లు మా కళ్ళ ముందే తగ్గిపోతున్నవి గనుక రాస్తున్నాము.

మృగశిర కార్తెతో మొదలు

మన రైతు లెక్క మృగశిర కార్తెతో మొదలవుతుంది గనుక మేమూ జూన్ నెలతోనే మొదలుపెడతాము. తొలకరి పడి ఇసుక తడవగానే తీరంలో మొదట ముఖము తేటపడేది బాలబంద తీగకు. చెవులపిల్లి తీగ అని కూడా దీనికి పేరు. ఆకు మేకడెక్కలా రెండుగా చీలి ఉంటుంది. ఊదారంగు పువ్వు, బాకా ఆకారము. తెల్లవారి విచ్చుకొని ఎండ ముదిరేసరికి ముడుచుకుపోతుంది. ఏడాదిలో చాలా భాగము అక్కడొకటి ఇక్కడొకటి పూస్తూనే ఉంటుంది గాని వానలు పడ్డ తరువాత చూడాలి దీని అందము. ఈ తీగ గింజ ఉప్పునీటిలో నెలల తరబడి తేలినా చావదు. అందుకే ఆఫ్రికా, బ్రెజిల్, ఆస్ట్రేలియా తీరాలలో కూడా ఇదే తీగ, ఇదే పువ్వు. మన పడవవాళ్ళు వెళ్ళని దేశాలకు మన ఇసుకలోని గింజ వెళ్తుందన్న మాట.

దాని పక్కనే రావణాసురుని మీసాలు. ఈ గడ్డికి ఆ పేరు పెట్టినవారెవరో గాని చక్కగా పెట్టారు. ఆకు కొస సూదిలా గుచ్చుకుంటుంది. ఆడమొక్కకు తల అంత పెద్ద ముళ్ళ బంతి కాస్తుంది. ఎండిన తరువాత అది తెగి, గాలికి ఇసుకమీద దొర్లుకుంటూ పోతుంది. పోతూ పోతూ గింజలు రాలుస్తుంది. మా పిల్లలు దాని వెంట పరుగులు తీస్తారు. గాలి కంటే ముందు పరుగెత్తి పట్టినవాడు గెలిచినట్టు.

ఈ రెండూ సామాన్యమైన మొక్కలే. పశువు తినదు, పొయ్యిలోకి పనికిరాదు. ఐతే ఇవి చేసే పని వేరే. సముద్రపు గాలి ఇసుకను ఎత్తి లోపలికి తోస్తుంది. ఆకు అడ్డుపడినచోట గాలి వేగము తగ్గి, ఇసుక అక్కడే పడుతుంది. తీగ ఆ ఇసుకలో కూరుకుపోక, కణుపు కణుపుకూ వేరు దించి పైకి వస్తుంది. మళ్ళీ ఇసుక, మళ్ళీ తీగ. అలా ఏళ్ళ తరబడి కట్టుకున్నవే మన ఇసుక దిబ్బలు. ఆ దిబ్బ వెనుకనే మన ఊళ్ళు, మన బావుల మంచినీళ్ళు, మన మళ్ళు ఉన్నాయి.

మొగలి

ఇక మొగలి. దీని దగ్గర కాసేపు ఆగుతాము, చదువరులు క్షమించాలి.

మా ప్రాంతంలో గట్లమీద, దిబ్బలమీద, తోటలకు కంచెగా మొగలి డొంకలు ఉండేవి. ఇప్పుడూ ఉన్నాయి, తగ్గాయి. ఆకు కత్తిలా ఉండి, రెండు అంచులకూ, నడిమి ఈనె కిందా మూడు వరుసల ముళ్ళు ఉంటాయి. మానునుండి ఊతకర్రల్లాగ వేర్లు నేలలోకి దిగుతాయి. అందుచేత గాలివానకు చెట్టు ఒరుగుతుందేగాని పెళ్లగిలి పోవడం అరుదు.

మొగలిలో మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. మనము తలలో పెట్టుకొనేది, బట్టల పెట్టెలో దాచుకొనేది మగచెట్టు పూత మాత్రమే. ఆడచెట్టుకు అనాసపండు వంటి కాయ కాస్తుంది గాని ఆ వాసన ఉండదు. ఈ తేడా తెలియక, పువ్వు ఎందుకు రాలేదని ఏళ్ళ తరబడి ఎదురుచూచినవారిని మేమెరుగుదుము. అది ఆడచెట్టు, దాని తప్పేమీ లేదు. గింజ నాటితే ఏది వస్తుందో చెప్పలేము. కొమ్మ నాటితే తల్లి ఎలాంటిదో బిడ్డా అలాంటిదే. అందుకని మగచెట్టు కొమ్మ అడిగి తెచ్చి వానాకాలంలో నాటుకోవాలి.

వానాకాలమే మొగలికి ముఖ్యమైన కాలము. జూలై నుండి సెప్టెంబరు దాకా పూత ఎక్కువ. మిగతా నెలల్లో కూడా అంతో ఇంతో వస్తుంది. రేకులు విచ్చుకొనేది తెల్లవారుజామున. ఎండ ఎక్కేకొద్దీ వాసన తగ్గిపోతుంది. అందుచేత కోసేవారు చీకటితోనే కొడవలి కట్టిన గెడ పట్టుకొని బయలుదేరుతారు. మన జిల్లా సరిహద్దు దాటగానే ఒడిశాలోని గంజాం జిల్లా. దేశంలో మొగలిపూల అత్తరుకు అదే పుట్టినిల్లు. పూలను ఆ పూటే రాగి డేగిసాలలో నీళ్ళతో కాచి, ఆవిరిని గంధపు నూనెలోకి పట్టి అత్తరు తీస్తారు. ఒట్టి నీటిలోకి పట్టితే అది పన్నీరులాగ మిఠాయిలకు, బిరియానికి వాడే మొగలినీరు. హైదరాబాదులో పెళ్ళిభోజనంలో వచ్చే ఆ వాసన మన తీరపు ఇసుకలోనుండి వెళ్ళినదని ఎంతమందికి తెలుసు?

మొగలి డొంకలో నాగుపాములు ఉంటాయని పెద్దలు పిల్లలను బెదిరిస్తారు. వాసనకు పాము వస్తుందన్నది నమ్మకమే. కాని దట్టమైన నీడ, ఎలుకలు, తొండలు ఉన్నచోటికి పాము వస్తుంది. ఆ జాగ్రత్త మాత్రం అవసరమే.

కొన్నాళ్ళ క్రిందట మా దగ్గర ఒకచోట, దారి వెడల్పు కోసమని మొగలి డొంకను యంత్రముతో ఒక్క పూటలో ఊడ్చివేశారు. ఎవరిదీ చెడ్డ ఉద్దేశము కాదు. ముళ్ళు పోతాయి, పాముల భయము పోతుంది, బండి వస్తుంది అనుకున్నారు. ఆ వేసవి గాలులకు ఇసుక వచ్చి అవతలి వాకిళ్ళలో పడింది. మా సంఘములోని ఒక వృద్ధురాలు చేటతో ఇసుక ఎత్తిపోస్తూ మాతో అన్నమాట: “మొగలి డొంక కొట్టేత్తే ఇసక ఊరుకుంటాదేటి బాబూ? దానికి మాత్రం ఇల్లు అక్కర్లేదేటి?” మేము ఇంతవరకు ఈ వ్యాసంలో చెప్పినదంతా ఆమె ఒక్క ముక్కలో చెప్పింది.

అక్టోబరు

సెప్టెంబరులో గట్లమీద తంగేడు పసుపుపచ్చగా పూస్తుంది, మెట్టచేలలో గునుగు తెల్లగా, గులాబిగా తల ఎత్తుతుంది. తంగేడు చెక్క తోళ్ళు పదును చేయడానికి వాడినది. వరదనీరు నిలిచే పల్లపు భూములను మా జిల్లాలో తంపర అంటారు. ఆ తంపరల్లో కలువలు, తామరలు నిండుగా ఉండేది కూడా ఈ రోజుల్లోనే.

ఐతే మా ప్రాంతంలో అక్టోబరు అంటే పువ్వులకంటే ముందు తుఫాను గుర్తుకు వస్తుంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరము దాటింది. సరిగా ఏడాదికి, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నము మీద పడింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరము దాటింది. తిత్లీ అంటే సీతాకోకచిలుక అట. ఆ సీతాకోకచిలుక ఉద్దానంలో కొబ్బరితోటలను, జీడితోటలను నేలమట్టము చేసిపోయింది. వంశధారకు వరద కూడా వచ్చింది. పొడుగురకము కొబ్బరి నాటితే కాపుకు ఆరేడేళ్ళు పడుతుంది. జీడికి మూడు నాలుగేళ్ళు, నిండు కాపుకు ఇంకా ఎక్కువ. కొడుకు చదువు, కూతురి పెళ్ళి ఆ చెట్ల లెక్కమీద పెట్టుకున్న ఇళ్ళలో ఆ ఏడేళ్ళు ఎలా గడుస్తాయో పట్టణాలలో ఉన్నవారికి చెప్పడం కష్టము. అనేకులు వలస వెళ్ళారు.

అటువంటి గాలివాన తరువాత ఒక వింత కనబడుతుంది. ఆకంతా పోయిన వేప, కానుగ వంటి చెట్లు వేసవి దాకా ఆగకుండా చిగురిస్తాయి. కొన్ని వేళకాని వేళ పూస్తాయి కూడా. చూచినవారు శకునమని రకరకాలుగా చెప్పుకుంటారు. శకునము కాదు, ఆకు లేనిదే చెట్టు బ్రతకలేదు గనుక దాచుకున్న బలమంతా పెట్టి చిగురిస్తుంది.

క్రిస్మసు నుండి మట్టల ఆదివారము వరకు

క్రిస్మసుకు మందిరమంతా బంతి, చేమంతి. అవి మనము నాటినవి, వాటి సంగతి అందరికీ తెలిసినదే. అదే సమయంలో తోటలో జీడిమామిడి తొలి పూతకు వస్తుంది. నవంబరు చివరినుండి ఫిబ్రవరి దాకా తడవ తడవగా పూస్తుంది. చిన్న పువ్వు, మొదట తెల్లగా ఉండి తరువాత గులాబి చారలు తేలుతాయి. దగ్గరకు వెళ్తే తీయని వాసన. ఒక గెలలో వందలకొద్దీ పూలు ఉన్నా వాటిలో ఎక్కువ భాగము మగపూలే. కాయ కట్టగలిగినవి కొన్ని మాత్రమే. ఆ కొన్నింటి దగ్గరకు తేనెటీగ, ఈగ, చీమ వచ్చి వెళ్ళాలి. ఈ రోజుల్లో మంచు, మబ్బు ఎక్కువైతే పూత మాడిపోతుంది, టీ దోమ అనే పురుగు పడుతుంది. రైతులు మందు కొట్టక తప్పని పరిస్థితి వస్తుంది. అప్పుడు పూత విరివిగా ఉన్న చెట్టుమీద మిట్టమధ్యాహ్నము కొట్టకుండా, తేనెటీగలు తిరగని సాయంత్రపు వేళ కొట్టితే కాయ మిగులుతుంది. పోర్చుగీసువారు బ్రెజిల్ నుండి తెచ్చిన ఈ చెట్టు ఇప్పుడు పలాస పేరుతో కలిసిపోయింది. పరదేశి అని ఎవరూ అనరు.

జనవరి, ఫిబ్రవరి నెలలలో ఆకు రాల్చిన బూరుగ ఎర్రని దోసిళ్ళవంటి పూలు పూస్తుంది. గోరింకలు, కాకులు, ఉడుతలు వాటి తేనె కోసము పోటీపడతాయి. తరువాత మోదుగ. తీరము వదలి పలాస, మెళియాపుట్టి వైపు వెళ్తుంటే ఫిబ్రవరి ఆఖరునుండి మార్చి వరకు కొండవాలులు నిప్పంటుకున్నట్టు కనబడతాయి. విస్తరాకులకు వాడే మోదుగ ఇదే. మార్చి, ఏప్రిల్‌లలో కొండల్లో ఇప్ప పువ్వు తెల్లవారుజామున రాలుతుంది. సవర ఆడవాళ్ళు, పిల్లలు బుట్టలతో ఏరుకుంటారు. దానితో సారా కాస్తారని మన క్రైస్తవ కుటుంబాలలో కొందరికి ఆ చెట్టంటేనే చిన్నచూపు. ఆ చిన్నచూపు చెట్టుకు తగదు. కరువు రోజుల్లో గింజలేని ఇంట ఎండబెట్టిన ఇప్పపువ్వే కూడు అయింది.

మట్టల ఆదివారము నాటికి మా ఊళ్ళో వేప పూత, కానుగ పూత నేలమీద పరచుకొని ఉంటాయి. పొన్నచెట్టు తెల్లని పూలు, మధ్య బంగారు రంగు కేసరాలు. పొన్నగింజల నూనె కిరసనాయిలు రాకముందు తీరంలో దీపాలకు వాడినది. గంగరావి పువ్వు ఉదయము లేత పసుపు, సాయంత్రానికి ఎర్రబడి రాలుతుంది. ఒకే రోజున రెండు రంగులు. ఏప్రిల్, మే నెలలలో రేల బంగారు గుత్తులు, మడగాస్కర్ నుండి వచ్చిన తురాయి ఎరుపు. మన సమాధుల తోటలలో ఆకులేని కొమ్మలకు తెల్లగా పూసే దేవగన్నేరు కూడా అమెరికా ఖండము నుండి వచ్చినదే.

ఈ పట్టికలో ఒక పువ్వును కావాలనే చివరకు ఉంచాము. వేసవిలో మన పెరటిలోనే పూస్తుంది. చిన్న తెల్లని గుత్తి. ఆకు కోసేవారే గాని పువ్వు చూచేవారు తక్కువ. అదే కరివేపాకు. దాని శాస్త్రీయ నామములో ఒక వైద్యుని పేరు ఉంది, అతడు మన తెలుగు నేలలోనే మట్టిలో కలిసిపోయాడు.

పేర్లు అడిగి రాసుకున్నవారు

కరివేపను శాస్త్రజ్ఞులు మురయా కోనిగీ అంటారు. ఈ కోనిగ్ పూర్తి పేరు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్. స్వీడను దేశపు గొప్ప వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ దగ్గర చదువుకున్నాడు. 1768లో తమిళనాడు తీరంలోని తరంగంబాడికి, అక్కడి మిషనుకు వైద్యుడుగా వచ్చాడు. రోగులను చూస్తూనే మొక్కలు సేకరించేవాడు. ఆ మిషనులోని బోధకులకు కూడా ఆ ఆసక్తి అంటింది. వారిలో రాట్లర్ అనే సేవకుడు అటు తమిళ నిఘంటువు కూర్చాడు, ఇటు మొక్కల సేకరణలో పేరు పొందాడు. కోనిగ్ తరువాత మద్రాసులో పనిచేసి, తీరము వెంబడి ఉత్తరానికి ప్రయాణము చేస్తూ 1785లో కాకినాడ దగ్గర జగన్నాథపురంలో మరణించాడు. తాను సేకరించిన కాగితాలను లండనులోని జోసెఫ్ బ్యాంక్స్ అనే పెద్దమనిషికి చేరేలా ఏర్పాటు చేశాడు. మన పులుసులో వేసే ఆకు అతని పేరు మోస్తున్నది.

కోనిగ్‌ను చివరి రోజుల్లో చూచుకున్న స్నేహితుడు విలియం రాక్స్‌బరో. ఇతడూ వైద్యుడే, స్కాట్లండు దేశస్థుడు. 1781 నుండి సామర్లకోటలో ఉండి, అక్కడ ఒక తోట పెంచాడు. మిరియాలు, కాఫీ, దాల్చిన, నీలిమందు, ఏది ఇక్కడ బ్రతుకుతుందో నాటి చూచేవాడు. తెలుగునేలమీద శాస్త్రము కోసము వేసిన తొలి తోటలలో అది ఒకటి. 1787లో కోరంగి తీరాన్ని ముంచిన తుఫానులో అతని పుస్తకాలు, అంతవరకు సేకరించిన మొక్కలు పోయాయి. మళ్ళీ మొదటినుండి మొదలుపెట్టాడు. మన దేశపు చిత్రకారులను పెట్టుకొని వందలాది మొక్కల బొమ్మలు గీయించాడు. 1795 నుండి లండనులో “కోరమాండల్ తీరపు మొక్కలు” అనే పేరుతో మూడు సంపుటాలుగా, 300 చిత్రాలతో అచ్చయిన పుస్తకము అదే. గీసినవారి పేర్లు మాత్రము ఆ బొమ్మల కింద లేవు. ఇది మాకు కష్టముగా తోస్తుంది.

ఐనా ఒక మంచి పని చేశాడు. ప్రతి మొక్కను గూర్చి ఊరివారిని అడిగి, వారు చెప్పిన తెలుగు పేరును ఇంగ్లీషు అక్షరాలలో రాసుకున్నాడు. మన అడవుల్లోని సోమిద చెట్టు సంగతి చూడండి. దాని బెరడు కషాయము జ్వరానికి ఇస్తారు. ఆ పేరు రాక్స్‌బరో పుస్తకంలోకి వెళ్ళి, తరువాత శాస్త్రములో సోయ్మిడా అని స్థిరపడిపోయింది. ఏ పల్లెలోనో ఒక రైతు నోట వచ్చిన మాట ఇప్పుడు ప్రపంచమంతటా వాడుకలో ఉంది.

1790-92 మధ్య ఉత్తర సర్కారులలో వచ్చిన ఘోరమైన కరువును రాక్స్‌బరో కళ్ళారా చూచాడు. పంట పోయినా తిండి ఉండాలంటే ఊళ్ళ చుట్టూ, కాలువ గట్లమీద కొబ్బరి, తాటి, ఈత, పనస, అరటి నాటించండని కంపెనీ అధికారులకు రాశాడు. పువ్వుల బొమ్మలు గీయించినవాడే ఈ ఉత్తరమూ రాశాడన్నది మరువకూడదు.

1793లో అతడు కలకత్తా వెళ్ళి, శిబ్‌పూర్ తోటకు అధికారి అయ్యాడు. అదే సంవత్సరము నవంబరులో విలియం కేరీ కలకత్తాలో దిగాడు. చెప్పులు కుట్టిన చేతులతో బైబిలును అనేక భాషలలోకి తర్జుమా చేయించిన కేరీని గూర్చి మన పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. 1818లో తెలుగు క్రొత్త నిబంధన అచ్చు వేసినది శ్రీరాంపూర్‌లోని అతని ముద్రణాలయమే. అదే ముద్రణాలయము 1814లో, శిబ్‌పూర్ తోటలోని దాదాపు మూడున్నర వేల మొక్కల పట్టికను కూడా అచ్చు వేసింది. రాక్స్‌బరో చనిపోయిన తరువాత అతని పెద్ద గ్రంథాన్ని వెలుగులోకి తెచ్చినవాడూ కేరీయే. రాక్స్‌బరో మన కొండల్లోని కుంభి చెట్టుకు కేరియా అని స్నేహితుని పేరు పెట్టాడు. దాని పూలు రాత్రి విచ్చి తెల్లవారేసరికి రాలిపోతాయి. శ్రీరాంపూర్‌లో కేరీ పెంచిన తోట 1823 వరదలో పాడైపోయింది; తిరిగి నాటాడు. చివరి రోజుల్లో మంచముమీద ఉండి, తాను పోయాక తోటలోకి ఆవులను తోలుతారేమోనని దిగులుపడ్డాడని అతని జీవిత చరిత్ర రాసినవారు చెప్తారు. తోట పెంచినవారికి ఆ దిగులు అర్థమవుతుంది.

నల్లబల్ల

ఇదంతా తెలుసుకున్న తరువాత మా ఆదివారపు బడి పిల్లలకు ఒక పని అప్పగించాము. మందిరము వరండాలో ఒక నల్లబల్ల పెట్టాము. ఎవరు ఏ పువ్వు మొదట చూస్తే, పేరు, చోటు, తేదీ రాయాలి. పేరు తెలియకపోతే ఇంట్లో అవ్వను అడగాలి. నెలాఖరున దానిని ఒక నోటుబుక్కులోకి ఎక్కిస్తాము. ఇది మేము కనిపెట్టినది కాదు. సీజన్‌వాచ్ అనే పేరుతో మన దేశంలో అనేక బడుల పిల్లలు చెట్ల చిగురు, పూత, కాయ తేదీలు రాస్తున్నారు. జపానులోని క్యోటో నగరంలో చెర్రీ పూత తేదీలు దాదాపు 1200 సంవత్సరాల నాటినుండి రాసి ఉన్నాయి. 2021లో పూత నిండుగా వచ్చిన తేదీ మార్చి 26. అప్పటివరకు అన్ని వందల ఏళ్ళ లెక్కలో అంత తొందరగా ఎన్నడూ పూయలేదని ఆ పాత రాతలవల్లనే తేల్చగలిగారు. జీడిపూత ఇదివరకు ఇంత ఆలస్యము కాదని, మామిడి వేళ తప్పుతోందని మన పెద్దలు అంటారు. నిజము కావచ్చు. రాసిపెట్టినవారు లేరు గనుక ఎంత తప్పిందో చెప్పలేకపోతున్నాము.

బల్లవల్ల మరొక మేలు కూడా జరిగింది. పిల్లలు మొగలి చెట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాక ఇళ్ళలో మాటలు మొదలయ్యాయి. డొంక పూర్తిగా కొట్టడమెందుకు, బండి పట్టేంత దారి తీసి మిగతాది ఉంచితే చాలదా అని ఒక తండ్రి పెద్దల దగ్గర అడిగాడు. సరుగుడు ఉంది కదా అని కొందరు అన్నారు. సరుగుడు పేదవాడికి నాలుగు డబ్బులు తెచ్చే చెట్టే, కాదనము. అది గాలిని ఆపుతుంది. కాని దాని కింద రాలిన సూదిరెక్కల మందము దాటి మరొక మొక్క లేవడం కష్టము. ఐదారేళ్ళకు నరికినప్పుడు దిబ్బ మళ్ళీ బోసిపోతుంది. సముద్రానికి ఎదురుగా బాలబంద తీగ, రావణాసురుని మీసాలు, వాటి వెనుక మొగలి, దాని వెనుక సరుగుడు ఉంటే ఒకటి లేనప్పుడు మరొకటి నిలబడుతుంది. ఆ మాట ఇంకా తేలలేదు. ఈ వానలకు మాత్రము నాలుగు కుటుంబాలవారు మగమొగలి కొమ్మలు నాటతామన్నారు. చేయి లావు కొమ్మ, మూరన్నర పొడవు, ఆకులు సగానికి కత్తిరించి, మూరెడు లోతున పాతితే చాలు.

మా నోటుబుక్కులో ఒక పేరు ఎదురుగా తేదీ గడి ఖాళీగా ఉంది. చిరివేరు. సముద్రతీరపు ఇసుకనేలలో జానెడు ఎత్తు పెరిగే చిన్న మొక్క, తెల్లని చిన్న పువ్వు. దాని వేరులోనుండి తీసిన ఎరుపుతోనే ఒకప్పుడు కోరమాండల్ తీరపు అద్దకపు బట్టలు ప్రపంచమంతా పేరు పొందాయి. రాక్స్‌బరో తన పుస్తకంలో దీని బొమ్మ వేయించాడు, దీని సాగును గూర్చి వివరముగా రాశాడు. రసాయన రంగులు వచ్చాక అడిగేవారు లేకపోయారు. మా ఇసుకలో ఎక్కడో ఉండే ఉండాలి. పిల్లలు రెండు వానాకాలాలు వెదికారు, కనబడలేదు. పాఠకులలో తీరగ్రామాలవారు ఎవరైనా చూచియుంటే, పీకకుండా, ఏ ఊరు, ఏ నెల, పూత ఉన్నదా లేదా అన్నంతమట్టుకు పత్రిక చిరునామాకు ఒక కార్డు ముక్క రాయండి.